మా తండ్రిగారి మడతకత్తి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, గ్రంథాలయోద్యమమును గూర్చి చెప్పుదునని వారు తలచియుందురు. ఆ విషయమును నాకంటె బాగుగా చెప్పగలవారు ఈ వేదికమీదనే నలుగురున్నారు. నేను ఒక కత్తిని గూర్చి చెప్పుటకు వచ్చితిని. పిల్లలు భయపడనక్కరలేదు. అది జేబులో ఇమిడెడు మడతకత్తి. మన ఊరిలో చాకు అందురు. ప్రదర్శనమున అద్దాల పెట్టెలో ఉంచుటకు మా తండ్రిగారి చాకును ఇమ్మని కార్యవర్గమువారు అడిగిరి. ఇచ్చుటకు నాకు అభ్యంతరము లేదు. నా అభ్యంతరమంతయు అద్దాల పెట్టెతోనే. అది ఏలనో చెప్పుటకు కొంతసేపు మీ ఓపికను కోరుచున్నాను.

మా తండ్రిగారు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులుగా నుండిరని మీలో పెద్దలకు తెలియును. ఆయనవద్ద చదివినవారు ఈ సభలో కనీసము ముప్పది మంది యుందురు. వారందరి పెన్సిళ్లను చెక్కినది ఈ చాకే. ఉదయము బడిగంట కొట్టకముందు ఆయన అరుగుమీద కూర్చుండెడివారు. పిల్లలు వరుసగా నిలిచెడివారు. పెన్సిలును బొటనవ్రేలిపై ఆనించి, త్రిప్పుచు, ఏడెనిమిది కోతలలో మొన తీసెడివారు. అదే చాకుతో ఇంటివద్ద తమలపాకు తొడిమలు త్రుంచెడివారు, జామపండ్లు కోసెడివారు, లాంతరు వత్తి సవరించెడివారు, మామిడి కొమ్మలకు అంటు కట్టెడివారు. ఉద్యోగవిరమణ చేసిన పిమ్మట ఈ గ్రంథాలయము వెలసినది. మొదటి పుస్తకముల కట్ట వచ్చిననాడు దాని పురికొస కోసినది ఈ చాకే. తరువాత కడవరకు ప్రతి సాయంకాలము ఆయన ఆ మూలబల్లవద్ద కూర్చుండి, చినిగిన పుస్తకములకు అట్టలు కత్తిరించుచు, కుట్టిన దారపు కొనలు కోయుచు, దీనితోనే ప్రొద్దుపుచ్చిరి.

ఇప్పుడు దాని రూపము చెప్పెదను. పిడి నాలుగంగుళములు, అలుగు ఒక్కటే. అలుగు మొదట షెఫీల్డు అని చిన్న యక్షరములలో అచ్చు. ఇంగ్లండులోని ఆ పట్టణము కొన్ని శతాబ్దులుగా కత్తులకు ప్రసిద్ధమైనది. పిడికి ఒక ప్రక్క కొమ్ము, రెండవ ప్రక్క తుమ్మకర్ర. మొదట రెండు ప్రక్కలను కొమ్మే యుండెడిది. ఒకమారు అది రాతిపై బడి ఒక ప్రక్క చిట్లగా, మన ఊరి వడ్రంగి చేవగల తుమ్మచెక్కను చెక్కి, ఇత్తడి చీలలతో బిగించెను. ఆ తుమ్మచెక్కమీద మా తండ్రిగారు రెండు గంట్లు పెట్టుకొనిరి. పుస్తకముల వెనుక అంటించు చీటీ వెడల్పునకు అవియే ఆయన కొలబద్ద.

ఆ కొమ్మును గూర్చి ఒక మాట. షెఫీల్డు పనివారు చాకుల పిడులకు వాడుచు వచ్చిన కొమ్ములలో మన దేశపు కణుజు కొమ్ము ముఖ్యమైనది. మన అడవులలో రాలిన కొమ్ము ఓడనెక్కి ఇంగ్లండు పోయి, చాకై మరల మన అంగళ్లకు వచ్చుచుండెడిది. నేడు అట్టి కొమ్ముల ఎగుమతి మన దేశమున నిషిద్ధము, అది మంచిదే. ఇక ఉక్కు మాట. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున పూర్వము మూసలలో కరగించి చేసిన ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చుచుండెడివారు. లండనులో కత్తులు చేయు జేమ్సు స్టోడార్టు అనువాడు మన దేశపు ఉక్కును మెచ్చి, 1820 ప్రాంతమున మైకేల్ ఫారడేతో కలసి దానిని పరిశోధించెను. కావున మా తండ్రిగారి చాకును సీమకత్తి అని ఎవరైన అన్నయెడల నేను పూర్తిగా ఒప్పుకొనను.

ఈ చాకులోని ఉక్కు త్రుప్పు పట్టెడి జాతి. 1913లో షెఫీల్డులోనే హారీ బ్రేర్లీ అను శాస్త్రజ్ఞుడు త్రుప్పు పట్టని ఉక్కును కనిపెట్టెను. నేడు మన వంటయిండ్లలో నున్న కత్తులు చాలవరకు ఆ జాతివే. అవి ఎన్ని సంవత్సరములైనను తెల్లగానే యుండును. పాత ఉక్కు అట్లు గాదు. నిమ్మకాయ కోసిన, మామిడికాయ కోసిన, ఆ పులుపు తగిలినచోట ఇనుము రంగు మారి, మొదట నీలిగను, క్రమముగా బూడిదవన్నెగను, నలుపుగను అగును. ఇది ఎఱ్ఱత్రుప్పు కాదు. ఎఱ్ఱత్రుప్పు ఉక్కును తినివేయును. ఈ నల్లని పొర దానిని కొంతవరకు కాపాడును. ఏ చేతిలో ఏ పనికి వాడిరో ఆ రీతిగా ఈ నలుపు పరచుకొనును. రెండు చాకులు ఒకే దినమున ఒకే అంగడిలో కొన్నను, పదేండ్లకు ఒకదానివలె మరియొకటి యుండదు. నూరిన కొలది అలుగు సన్నగిలును గూడ. మా తండ్రిగారు ఎడమనుండి కుడికి నూరెడివారు. అందుచే అలుగు నడుమ కొంచెము లోనికి వంగి, తరుగుచున్న చంద్రరేఖవలె నుండెడిది.

ఇక నేను చేసిన తప్పు చెప్పవలెను.

మా తండ్రిగారు గతించిన సంవత్సరమునకు, వారి ఆబ్దికము దగ్గరపడుచుండగా, ఆ చాకును బాగుచేయింపవలెనని నాకు బుద్ధి పుట్టినది. నల్లగా, గీతలతో, సందులలో మట్టితో నున్న దానిని చూచి, ఇంత పెద్దమనిషి వస్తువు ఇట్లుండవచ్చునా అనుకొంటిని. పట్టణమునకు గొనిపోయి విద్యుత్తుతో తిరుగు సానచక్రముగల అంగడిలో ఇచ్చితిని. పనివాని తప్పేమియు లేదు. మెరిపింపుమని నేనే చెప్పితిని. అరగంటలో అద్దమువలె చేసి ఇచ్చెను. నలుపు పోయినది. గీతలు పోయినవి. తుమ్మచెక్కను గూడ నునుపు చేయుటచే ఆ రెండు గంట్లును పోయినవి. అలుగు కొన వేడెక్కి నీలిరంగు తిరిగినది. అట్లు తిరిగిన ఉక్కు మెత్తబడునని నాకు అప్పుడు తెలియదు. సంతోషముతో ఇంటికి వచ్చి మా తల్లిగారి చేతిలో పెట్టితిని.

ఆమె అటు త్రిప్పి ఇటు త్రిప్పి చూచి, "కొత్తది కొన్నావా, నాయనా?" అని అడిగెను.

అవునని చెప్పలేకపోతిని, కాదనియు చెప్పలేకపోతిని. కొంతసేపటికి ఆమెయే తుమ్మచెక్కను గుర్తుపట్టెను. ఏమియు అనలేదు. కొంగుతో తుడిచి గూటిలో పెట్టెను. కోపపడియున్న బాగుండెడిదని ఆ రాత్రి నాకు అనిపించినది.

మరునాటినుండి ఆమె చేసిన పని యేమనగా, కత్తిపీటను ప్రక్కకు నెట్టి, కూరకు, పచ్చడికి, నిమ్మకాయకు, పోకచెక్కకు ఆ చాకునే వాడసాగెను. అది ఆ పనులకు తగినది కాదు, చిన్నది. చూపు మందగించిన ముసలామె చిన్న చాకుతో వంకాయలు తరుగుచుండ మాకు భయముగానే యుండెడిది. వలదన్నను వినలేదు. మెత్తబడిన కొన అరిగి పోవువరకు గడప రాతిమీద నూరెను. ఆరునెలలకు అలుగు మరల నల్లబడెను. అది మా తండ్రిగారి నలుపు కాదు, మా తల్లిగారి నలుపు. ఆమెయు గతించిన పిమ్మట, నేను దానిని మెరిపింపలేదు.

ఫ్రాన్సు దేశమున జానో కత్తి అని ఒక సామెత కలదు. జానో అను వాడు కత్తి అలుగు విరిగిన క్రొత్త అలుగు వేయించెనట. పిడి విరిగిన క్రొత్త పిడి వేయించెనట. అయినను ఇది నా పాత కత్తియే అనుచుండెడివాడట. వినుటకు నవ్వు వచ్చును. మన బౌద్ధులు ఇంతకు పూర్వమే దీనిని నవ్వులాట గాక విచారణగా చేసిరి. మిలిందుడను యవనరాజును నాగసేనుడు రథమనగా నేది, చక్రమా, ఇరుసా, నొగలా అని ప్రశ్నించిన కథ పాళీభాషలోని మిలిందపన్హమున గలదు. పండితులు ఎట్లు తేల్చినను తేల్చనిండు. నావరకు, సగము పిడి మారినప్పుడు ఆ చాకు మా తండ్రిగారిదిగానే నిలిచినది. ఒక్క ముక్కయు మారకుండ మెరసినప్పుడు అది పరాయిదైనది. జానోను చూచి నవ్వుటకు నాకు ధైర్యము చాలదు.

గ్రంథాలయ సభ గనుక పుస్తకముల ఊసు లేకుండ పోరాదు. మన బీరువాలో నండూరి రామమోహనరావుగారు తెలుగు చేసిన టామ్ సాయర్ కలదు. మార్కు ట్వేను 1876లో ప్రకటించిన కథ. అందులో ఆ కుఱ్ఱవానికి బైబిలు వాక్యములు వల్లించినందుకు అక్క వరుసయైన మేరీ బార్లో చాకు నొకటి బహుమానమిచ్చును. అది దేనినీ కోయదట. అయినను వాని సంతోషమునకు మేర లేదు. చేతిలో చాకు పెట్టుట యనగా వానిని నమ్ముట అని పిల్లవానికి తెలియును. రాబిన్సన్ క్రూసో ఓడ మునిగి ఒడ్డున బడిననాడు వానివద్ద మిగిలిన మూడు వస్తువులలో ఒకటి కత్తి. తక్కినవి పొగగొట్టము, కొంచెము పొగాకు.

జపానులోని మికి పట్టణమున హిగొనొకామి అను మడతకత్తి పంతొమ్మిదవ శతాబ్ది చివర పుట్టినది. అక్కడి బడిపిల్లలు ఎవరి పెన్సిలు వారే దానితో చెక్కుకొనుచుండెడివారు. 1960లో ఒక రాజకీయ నాయకుడు సభలో కత్తిపోటునకు బలియగుటతో, పిల్లల చేతులకు కత్తులు ఇయ్యరాదను ఉద్యమము లేచెను. వానిని చేయువారు తరిగిపోయిరి. తప్పు ఎవరిదో తెలియకుండ చెప్పుట సులభము. మన పిల్లలకును నేడు చెక్కుడు యంత్రములే. నేను వారిని నిందింపను. ఐనను మా తండ్రిగారు చెక్కిన మొనలో ఏడెనిమిది ముఖములుండెడివి. దానిని చూచి ఇది మా మాస్టారు చెక్కినదని చెప్పగలవారు ఇప్పటికిని ఈ సభలో ఉందురని నా నమ్మకము.

ఇక అద్దాల పెట్టె సంగతి. షెఫీల్డులో కెల్హాం ఐలండు అను మ్యూజియమున్నది. 1926లో పుట్టి 2021లో మరణించిన స్టాన్ షా అను చాకుల పనివాడు తన జీవితపు చివరి సంవత్సరములలో ఆ మ్యూజియములోనే కార్ఖానా పెట్టుకొని, చూడవచ్చినవారి యెదుట పని చేయుచుండెడివాడు. పదునాలుగు పదునైదేండ్ల వయసున పనిలో చేరినవాడు. ఎనిమిది దశాబ్దులకు దగ్గరగా అదే పని. అట్టి మ్యూజియమైనచో నాకు అభ్యంతరము లేదు. మన అద్దాల పెట్టెలో, తాళము వేసి, క్రింద మా తండ్రిగారి పేరు వ్రాసి పెట్టినచో, రెండేండ్లకు దానిమీద ఎఱ్ఱత్రుప్పు వచ్చును. లేదా ఎవరో సదుద్దేశముతో మరల మెరిపింతురు. రెండింటిలో ఏది జరిగినను ఈమారు దానిని మరల నల్లబరచుటకు మా తల్లిగారు లేరు.

అందుచే కార్యవర్గమువారికి నా మనవి. చాకును గ్రంథాలయమునకే ఇచ్చుచున్నాను. ఆ మూలబల్ల సొరుగులో ఉంచుడు. పుస్తకముల కట్టలు విప్పుటకు, అట్టలు కోయుటకు, అడిగిన పిల్లవానికి పెద్దల యెదుట పెన్సిలు చెక్కుకొనుటకు వాడుడు. వాడిన పిమ్మట పొడిగుడ్డతో తుడిచి, కీలునకు నెలకొక కొబ్బరినూనె చుక్క వేసిన చాలును. విద్యుచ్చక్రము దరిచేరనీయకుడు. పోయినను నేను అడుగను, అరిగిపోయినను అడుగను. చీటీలకు కొలత కావలెనన్న, ఆ రెండు గంట్లను నేను నిన్ననే మరల పెట్టియుంచితిని. పాత పుస్తకముల వెనుకనున్న చీటీలను బట్టి కొలిచితిని, సరిపోయినవి.

సానరాయి గూడ తెచ్చితిని, ఈ సంచిలో నున్నది. రజతోత్సవమునకని దాతలు పంపిన క్రొత్త పుస్తకముల కట్టలు ఆ గోడప్రక్కన ఇంకను విప్పకుండనే యున్నవి. గ్రంథపాలకులు అనుమతించినయెడల, వానిలో ఒకదానిని ఇటు తెప్పింపుడు.