వుజూ నీరు, ఇతరులు నడిచే నేల



ఉద్యోగాలు చేసే మన యువకులు ఒక ఇబ్బందిని తరచూ మా దృష్టికి తెస్తున్నారు. జుహర్ వేళ కార్యాలయపు మరుగుదొడ్లలోనే వుజూ చేసుకోవలసి వస్తున్నది. ముఖం, చేతులు కడగటం సులువే. చేతులు కడిగే తొట్టిలో కాలు పెట్టగానే పక్కవారి ముఖం మారుతుంది.

వారిని మేము తప్పుపట్టలేము. ఒకసారి ప్రయాణంలో, ఒక రైల్వే స్టేషనులో మేమూ అలాగే కాళ్లు కడిగి, నేలంతా తడిపి, నమాజుకు త్వరపడ్డాము. తిరిగి వచ్చేసరికి ఊడ్చే అమ్మ నడుము వంచి ఆ నీటిని తుడుస్తున్నది. మమ్మల్ని ఏమీ అనలేదు. ఆ నమాజును తలచుకుంటే మాకు నేటికీ బెంగే.

దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే దాదాపు ఒక దోసిలి పట్టేంత కొలతతో వుజూ చేసేవారు. మనమో, కుళాయి తిప్పి మరచిపోతాము! అవయవాలను మూడేసిసార్లు కడగటం సున్నత్. ఒక్కసారి పూర్తిగా తడిసినా ఫర్జ్ నెరవేరుతుంది. ఇంటివద్దే వుజూ చేసి తోలు మేజోళ్లు తొడిగితే, స్థానికునికి ఒక పగలు, ఒక రాత్రి. ప్రయాణికునికి మూడు పగళ్లు, మూడు రాత్రులు వాటిపై మసహ్ చాలు. పలుచని నూలు మేజోళ్లకు హనఫీ ఫిఖహ్‌లో ఈ సౌలభ్యం లేదు. నీరుండగా, కేవలం మొహమాటంతో తయమ్ముమ్ చేయటం చెల్లదు.

ఒక మూల, తక్కువ ఎత్తులో కుళాయి పెట్టించమని యాజమాన్యాన్ని మర్యాదగా అడగండి. అది అమరేవరకు ఒక గుడ్డ వెంట ఉంచుకోండి. తడిపిన నేలను మీరే తుడిచి రండి, జమాఅత్‌లో మొదటి తక్బీర్ తప్పినా సరే.