దేవాలయమున ఓటు ప్రమాణము తగునా?
(మన సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మతము రాజకీయములలో ప్రవేశింపవచ్చునా యను విషయమును గూర్చి మాట్లాడుమని కార్యవర్గమువారు నన్ను ఆజ్ఞాపించిరి. నేను మెట్రిక్ వఱకు చదివిన వర్తకుడను. శాస్త్రచర్చ నా వలన గాదు. కాని మన బ్రూస్‌పేటలో కొందఱు మిత్రులు, రాబోవు ఎన్నికలలో మనవారందఱు ఒకే అభ్యర్థికి ఓటు వేయునట్లు గుడిలో దీపము ముట్టి ప్రమాణము చేయింపవలెనని సూచించుచున్నారు. ఈ సూచన కూడదని నా అభిప్రాయము. కారణములు మనవి చేసెదను.

మొదట చట్టము మాట. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ సెక్షను ప్రకారము, దైవాగ్రహము కలుగునని ఓటరును నమ్మించి లొంగదీయుట అవినీతి చర్య. మతము, జాతి, కులము, సముదాయము, భాష అను వీని పేర అభ్యర్థి ఓటడుగుటయు అట్టిదే. అభ్యర్థి సమ్మతితో జరిగినదని ఋజువైనచో అతని ఎన్నికయే రద్దగును. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతము పేర అడిగినను తప్పేయని 2017 జనవరి 2వ తేదీన సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము నలుగురి ఆధిక్యముతో తీర్పు చెప్పినది. ఇక 1988 నాటి చట్టము దేవాలయ, మసీదు, చర్చి ప్రాంగణములను రాజకీయ కార్యములకు వాడుటను నిషేధించినది. అందుకు అయిదేండ్ల వఱకు ఖైదు విధింపవచ్చును. ప్రమాణము చేసినవారు ఇంటికి పోవుదురు, పాపము, ధర్మకర్త చిక్కులలో పడును!

పై పట్టికలో “భాష” యను మాటను గమనింపుడు. “నేను తెలుగువాడను, నాకు ఓటు వేయుడు” అనుటయు చెల్లదు. అయితే భాషాసంరక్షణకై ఆందోళన చేయుట తప్పు కాదని 1964లో ఆ న్యాయస్థానమే చెప్పినది. తెలుగు బడి కావలెనని మనము నిర్భయముగా అడుగవచ్చును.

విజయనగర ప్రభువులు మతముతోనే రాజ్యము చేయలేదా యని ఒక మిత్రుడు నన్నడిగెను. నిజమే, వారి శాసనములలో విరూపాక్షుని పేరే చేవ్రాలుగా నుండెడిది. కాని 1368లో జైనులకును శ్రీవైష్ణవులకును తగవు వచ్చినపుడు బుక్కరాయలు జైనుల చేతులను వైష్ణవుల చేతులలో నుంచి, ఉభయ దర్శనములకు భేదము లేదని శాసనము వ్రాయించెను. అది శ్రావణబెళగొళలో నేటికిని కలదు. అంతటితో నూరకుండక, అచ్చటి జైన క్షేత్రపు కావలివారికై వైష్ణవులు ఇంటింటికి ఏటేట పన్ను వసూలు చేసి ఇచ్చునట్లు ఏర్పాటు చేసెను. రెండవ దేవరాయల కొలువున నున్న అహమదుఖానుడు 1439లో రాజు పుణ్యార్థము కట్టించిన ధర్మశాల హంపిలో నిలిచియున్నది. ప్రభువు భక్తుడగుట వేఱు; ఆ భక్తిని సాకుగా గొని ఒకరి పక్షము వహించుట వేఱు.

మనము దసరాకో దీపావళికో క్రొత్త దస్త్రమునకు పసుపు కుంకుమ పెట్టి శ్రీకారము చుట్టుదుము గదా. క్రింద జమాఖర్చు వ్రాయునపుడు మాత్రము ఖాతాదారుని దేవుడెవరని చూడము.

దేవాలయముల ఆదాయవ్యయములను ప్రభుత్వము చూచుట మఱియొక విషయము. ఆచారములు మతస్థులవనియు, ఆస్తి పాలనను చట్టము నియంత్రింపవచ్చుననియు 1954లో శిరూరు మఠము వ్యాజ్యెమున తేలినది. దానిని వేఱొక సభలో చర్చింతము.

నాకు ముఖ్యముగా తోచునది ఇది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడి, ఆదోని, ఆలూరు, రాయదుర్గము అటు పోయినవి. బళ్లారి మైసూరులో చేరెను. తాత ముత్తాతల ఇండ్లలోనే యుండి మనము అల్పసంఖ్యాకులమైతిమి. మాతృభాషలో ప్రాథమిక విద్యకై రాజ్యాంగము 350 ఏ అధికరణమును చూపి అర్జీలు పెట్టుచున్నాము. భాషలో కొలదిమందిమి గనుక రక్షణ కోరుదుము. మతములో పెక్కుమందిమి గనుక బలము చూపుదుమా? అట్లయిన కౌల్‌బజారులో తరతరములుగా మనతో బేరసారములు చేయుచున్న ముస్లిము సోదరులు మనలను గూర్చి ఏమనుకొందురు? అదియును గాక, ఆ గుడికి కన్నడిగులును నిత్యము వత్తురు. వారు కొబ్బరికాయ కొట్టుచోట మన ఓట్ల లెక్క ఏల?

కావున నా ప్రతిపాదన వినుడు. అభ్యర్థుల నందఱిని, ఏ మతస్థులైనను, మన సంఘ భవనమునకే పిలుతము. తెలుగు తరగతులకు ఉపాధ్యాయులను వేయింతురా, పేటలో మురుగు కాలువలు బాగుచేయింతురా, వేసవిలో నీరు ఎన్ని దినముల కొకసారి విడిపింతురు అని అందఱి యెదుట అడిగి, వారి జవాబులను మన పత్రికలో ప్రకటింతము. తరువాత ఎవరి ఓటు వారిది. ఈ తీర్మానమును కార్యవర్గము ఎదుట నుంచుచున్నాను.