చంద్రగ్రహణపు లెక్క
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



ఈ యేడు ఒక తల్లి మా గదికి వచ్చినది. ఆమె కుమార్తె చీలిన పై పెదవితో పుట్టగా శస్త్రచికిత్స చేయించిరి. ఇప్పుడు సన్నని గీత మాత్రమే మిగిలినది. అయినను తోడి పిల్లలు "గ్రహణపు మొర్రి" అని పిలుచుచున్నారట. మా బడిలో ఇట్టి మాట వినబడుట మాకు సిగ్గుచేటు. ఇంటిలో అంతకంటె కష్టము. 2017 ఆగస్టు 7 రాత్రి గ్రహణవేళ, నిండు ఎనిమిదవ నెలలో ఆమె పెద్ద పిల్లవాని బడి చొక్కాకు గుండీ కుట్టి, కత్తెరతో దారము కత్తిరించినదట. అత్తగారు నేటికిని దెప్పుచున్నారు. "నా బిడ్డకు నేనే కీడు చేసితినా, మాస్టారూ?" అని ఆమె అడిగినది.

ఆ గ్రహణమెట్టిదో చూతము. పున్నమి నాడు భూమి నీడ చంద్రునిపై పడుటయే చంద్రగ్రహణము. ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథముననే ఈ సంగతి చెప్పెను. ప్రతి పున్నమికిని పట్టదేమనగా, చంద్రుని మార్గము భూమి మార్గమునకు ఐదు డిగ్రీలు వాలియున్నది. ఆ రెండు మార్గములు కలియు చోట్లకే మన సిద్ధాంతులు రాహు కేతువులని పేరు పెట్టిరి. పున్నమి నాడు చంద్రుడు ఆ చోటికి దగ్గరగా నున్ననే గ్రహణము. నీడ కొంత మేరకే తగిలిన పాక్షికము.

పున్నమి నుండి పున్నమికి ఇరువదితొమ్మిదిన్నర దినములు. రాహువు నుండి మరల రాహువునకు ఇరువదియేడు దినముల పైచిల్లర. మొదటివి 223, రెండవవి 242 తీసికొన్నచో రెండును 6585 దినముల 8 గంటలకు ఇంచుమించు సరిపోవును. అనగా 18 సంవత్సరముల 10 లేక 11 దినములకు అదే గ్రహణము మరల వచ్చును. పూర్వము బాబిలోనియా వారు ఈ ఆవృత్తిని ఎరుగుదురు.

2017 నాటి గ్రహణమే 1999 జులై 28న వచ్చినది. అప్పుడు చంద్రుని వెడల్పులో పదింట నాలుగు వంతులు నీడలో మునిగెను. 2017లో నాలుగవ వంతు. 2035 ఆగస్టు 19న పదవ వంతే! రెండు లెక్కలకును గంటకు లోపు తేడా యుండుటచే నీడ ఇట్లు తొలగిపోవుచున్నది. మిగులు ఎనిమిది గంటలలో భూమి మూడవ వంతు తిరుగును. కాబట్టి మన గడియారమున 1999లో గ్రహణమధ్యము సాయంత్రము అయిదు గంటలకు, 2017లో అర్ధరాత్రికి పది నిమిషముల ముందు, 2035లో ఉదయము ఆరు గంటల నలువది నిమిషములకు. ఆ తల్లి పుట్టకముందే ఆ రాత్రి గ్రహణము లెక్కలో నున్నది.

ఇక పెదవి సంగతి. గర్భమందు శిశువు పై పెదవి ఏడవ వారము నాటికే అతుకుకొనును. అతుకుకొననిచో చీలిక అప్పుడే నిలిచిపోవును. ఆమెకు గ్రహణము నాటికి ఎనిమిదవ నెల గదా! ఆ బిడ్డ పెదవి ఆ సంవత్సరపు ఉగాదికి ముందే ఏర్పడినది. కత్తెర పట్టినది శ్రావణమున.

ఇది చెప్పగా ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత, ఇదంతయు కాగితముపై వ్రాసి యిమ్మని కోరినది. అత్తగారికి ఇక్కడి భాష మాటాడుటయే గాని చదువుట రాదు. తెలుగు మాత్రము చక్కగా చదువుదురట. పెద్ద అక్షరములతో, తేదీలతో సహా, తెలుగులోనే వ్రాసి యిచ్చితిమి.