తోట నుండి ప్రత్యక్ష ప్రసారము: మామిడి అమ్మకములో దాని ఉపయోగము

(నూజివీడు ప్రాంతపు మామిడి రైతుల శిక్షణ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మామిడి పండించుట నేను మీకు నేర్పవలసిన పని కాదు. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెము ప్రాంతములలో తాతలు వేసిన తోటలు ఇంకను కాపు కాయుచున్నవి. ఈనాడు నేను మాట్లాడదలచినది పండిన పండును అమ్ముట గురించి. అందులోను సెల్‌ఫోనుతో తోట నుండియే ప్రత్యక్ష ప్రసారము చేసి అమ్ముట గురించి. దీనినే ఇప్పుడందరు లైవు అనుచున్నారు.

మొన్న ఒక గ్రామములో ఈ సంగతి చెప్పుచుండగా ఒక పెద్దమ్మ లేచి, "ఫోనులో పండు చూపిస్తావు, బాగానే ఉంది నాయనా. వాసన ఎట్లా చూపిస్తావు?" అని అడిగినది. అందరు నవ్వినారు, నేనును నవ్వినాను. కాని ఇంటికి వచ్చి ఆలోచించగా, ఈ విషయములోని చిక్కంతయు ఆ ప్రశ్నలోనే ఉన్నదని తోచినది. రసము కొనువారు ముచ్చిక దగ్గర వాసన చూడకుండ కొనరు. వాసన పంపలేనప్పుడు దానికి బదులుగా మనము పంపగలిగినది నమ్మకము ఒక్కటే. అది ఎట్లు సంపాదించవలెనో, ఎట్లు పోగొట్టుకొందుమో చెప్పెదను.

ఇప్పటి అమ్మకము

మనలో చాలమంది పూత మీదనో, పిందె మీదనో తోటను గుత్తకు ఇచ్చుచున్నారు. సొమ్ము ముందుగా చేతికి వచ్చును. గాలివాన భయము కొంత తప్పును. ఇది తెలివితక్కువ పని అని నేను అనను. అప్పు తీర్చవలసినవారికి పూతనాటి రూపాయి కోతనాటి రూపాయికంటె విలువైనది. కాని కోతనాటికి ధర పెరిగినచో ఆ పెరుగుదల తోట యజమానికి చేరదు. స్వయముగా కోసి నున్న వంటి మార్కెట్టుకు తోలువారికి కిరాయి, కమీషను, తరుగు పోగా మిగిలినది దక్కుచున్నది.

కొనువారు కొద్దిమందియే అయినప్పుడు ఏమి జరుగునో 2025లో చిత్తూరు ప్రాంతమున చూచినాము. గుజ్జు పరిశ్రమలపై ఆధారపడిన తోతాపురి ధర పడిపోగా, పరిశ్రమలవారు కిలోకు 8 రూపాయలు ఇవ్వవలెననియు, ప్రభుత్వము మరి 4 రూపాయలు కలుపుననియు నిర్ణయము చేయవలసి వచ్చినది. మన బంగినపల్లికి, రసములకు తినువారు ఇంటింట ఉన్నారు. వారికిని మనకును నడుమ దారి లేకపోవుటయే లోటు.

లైవు అనగా ఏమి?

విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. రేడియోలో ఒకరు చెప్పగా వేలమంది వినిరి. కాని వినువారు తిరిగి అడుగుటకు వీలు లేదు. ఆ లోటు తీర్చుటకు 1956లో పూనా ప్రాంతములో రేడియో గ్రామ గోష్ఠులు ఏర్పాటు చేసి, రైతుల ప్రశ్నలను కేంద్రమునకు వ్రాయించిరి. ఉత్తరము పోయి జవాబు వచ్చుటకు రోజులు పట్టెడిది. లైవులో ప్రశ్న అక్షరరూపమున అప్పటికప్పుడే మన ఫోనులో కనిపించును. జవాబును అప్పుడే చెప్పవచ్చును.

2016లో ఫేస్‌బుక్ ఈ సదుపాయమును సామాన్యులకు కల్పించినది. అదే సంవత్సరము చైనాలో తావోబావ్ అను అంగడివారు లైవు అమ్మకములు మొదలుపెట్టిరి. 2020లో కోవిడ్ వలన మార్కెట్లు మూతపడినప్పుడు అక్కడి జిల్లాల అధికారులు సైతము కెమెరా ముందు నిలిచి తమ రైతుల పండ్లను అమ్మిపెట్టిరి.

ఫోటోకును లైవుకును భేదము గమనింపుడు. మంచి కాయ నొకదానిని ఏరి ఫోటో తీయుట ఎవరికైనను సాధ్యమే. నగరములో బండిమీద అమ్మువారందరును తమవి నూజివీడు రసములే అందురు. లైవులో చూచువారు, "ఆ మూడవ కాయ కోసి చూపండి" అని అడుగుదురు. మీరు అక్కడే కోయవలెను. లోపల ఎట్లున్నను అందరికిని కనిపించును. లైవుకు గల బలమంతయు ఇదియే.

ముందు చేసికొనవలసిన ఏర్పాట్లు

1. పేజీని కోతకు చాలముందుగా తెరవవలెను. 2024లో ఫేస్‌బుక్ పెట్టిన నిబంధన ప్రకారము ఖాతా తెరచి 60 దినములు గడచి, కనీసము 100 మంది అనుసరించువారు ఉన్నగాని లైవుకు వీలుండదు. కావున కోతనాడు ఖాతా తెరచినచో ఉపయోగము లేదు. పూత దశనుండియే పూత, పిందె, కవర్లు కట్టుట మొదలగునవి వారమున కొకసారి చూపుచుండవలెను. ఫిబ్రవరి నుండి చెట్టును చూచినవారు మే నెలలో దాని కాయను నమ్ముదురు.

2. తోటలో సిగ్నలు పరీక్షించవలెను. సినిమా చూచుటకు కావలసినది దిగుమతి వేగము. లైవుకు కావలసినది ఎగుమతి వేగము. సెకనుకు రెండున్నర మెగాబిట్లు పంపినచో గంటకు సుమారు 1.1 గిగాబైట్ల డేటా ఖర్చగును. బావి దగ్గర ఒకసారి, తోట నడుమ ఒకసారి చూచి, సిగ్నలు నిలకడగా ఉన్న చోటును ఎంచుకొనవలెను.

3. మే నెల ఎండలో ఫోను వేడెక్కి ఆగిపోవును. ఉదయము ఎనిమిది గంటలలోపు గాని, సాయంకాలము షెడ్డులో దీపము క్రింద గాని చేయుట మేలు. ఎండ కాయమీద పడవలెను గాని ఫోను కంటిలో పడరాదు. ఫోనును స్టాండుమీద నిలుపుడు. కాలర్ మైకు ఉన్నచో గాలి రొద తగ్గును. మధ్యలో కాల్ వచ్చినచో ప్రసారము తెగును. ముందే కాల్స్ ఆపివేయుడు.

4. ఇద్దరు మనుషులు కావలెను. ఒకరు చూపుచు మాట్లాడవలెను. రెండవవారు ప్రశ్నలు చదివి చెప్పుచు, ఆర్డర్లు పుస్తకములో వరుసగా వ్రాయవలెను. ఇంట చదువుకొన్న పిల్లలుంటే ఈ పని వారికి అప్పగింపుడు.

ఏమి చూపవలెను?

చెట్టును చూపుడు. చిక్కముతో కాయను నేల పడకుండ తొడిమతో కోయుట చూపుడు. తొడిమను కత్తిరించి, కాయను తలక్రిందులుగా నుంచి సొన కారనిచ్చుట చూపుడు. సొన తగిలిన కాయకు నల్లమచ్చ ఏల వచ్చునో చెప్పుడు. కొనువారికి ఇది తెలియదు. భుజములు నిండిన కాయకును, లేత కాయకును భేదము చూపుడు. ఒక బకెట్టు నీటిలో రెంటిని వేసినచో, ముదిరిన కాయ మునుగును, లేతది తేలును. ఇది చూచినవారు మరచిపోరు.

కాటాను సున్నాకు తెచ్చి చూపి, పిదప తూచుడు. పెట్టె బరువు వేరుగా చెప్పుడు. ఎట్లు మగ్గబెట్టుదురని తప్పక అడుగుదురు. కాల్షియం కార్బైడుతో మగ్గబెట్టుట 2011 ఆహార భద్రతా నిబంధనల ప్రకారము నిషిద్ధము. ఇథిలీన్ వాయువును పది లక్షల భాగములకు 100 భాగముల వరకు ఉపయోగించుటకు అనుమతి కలదు. మీరు ఏది చేయుచున్నారో అదే చెప్పుడు. పక్వమునకు వచ్చిన పచ్చికాయ పంపి, గడ్డిలో ఎన్నాళ్లు ఉంచవలెనో చెప్పుట అన్నిటికంటె సులభము.

మచ్చ కాయను దాచకుడు. తోలుమీద మచ్చ ఉన్నంతమాత్రమున లోపల రుచి చెడదు. దానిని అందరియెదుట కోసి, "ఇది తక్కువ ధరకు, వేరు పెట్టెలో" అని చెప్పుడు. మచ్చ కాయకు తగిన ధర రాబట్టుటకు లైవును మించిన సాధనము నాకు తెలియదు. కాని పండుఈగ కుట్టిన కాయ మాత్రము ఏ ధరకును పంపరాదు.

లెక్క

ఇక లెక్క చూతము. ఈ అంకెలు ఉదాహరణ కొరకు మాత్రమే. మీ అంకెలు మీరు వేసికొనవలెను.

5 కిలోల పెట్టె 600 రూపాయలకు అమ్మినారనుకొందము. అట్టపెట్టెకు 50, రవాణాకు 120, కూలికి 20, వెరసి 190 ఖర్చు. నూరు పెట్టెలకు 60,000 వచ్చును. 19,000 పోగా 41,000 మిగులును. పది పెట్టెలు దారిలో చెడి, మరల పంపవలసి వచ్చినచో 1,900 రూపాయలును, 50 కిలోల కాయయు అదనముగా పోవును. అనగా 550 కిలోలకు 39,100 రూపాయలు. అదే కాయ మండీలో ఖర్చులు పోగా కిలో 36 చొప్పున 19,800 తెచ్చును. తేడా 19,300. ఇక్కడ లెక్క ఆపినవారు సంతోషింతురు.

కాని ఆపరాదు. ఈ 550 కిలోలు 5 టన్నుల కాయనుండి ఏరిన మేలిరకము. మిగిలిన 4,450 కిలోలు మండీకి పోయినప్పుడు, మంచి కాయ లేనందున కిలోకు 3 రూపాయలు తగ్గినదనుకొనుడు. 13,350 రూపాయలు అక్కడ పోయినవి. అసలు లాభము 5,950 మాత్రమే. అందులోనే డేటా ఖర్చును, ఇంటివారి శ్రమయు ఉన్నవి.

కావున నా సలహా ఏమనగా, తోటంతయు ఏరవద్దు. కొన్ని చెట్లను లైవు కొరకు విడిగా ఉంచి, ఆ చెట్ల కాయ మొత్తము పెద్దది, చిన్నది, మచ్చది అని మూడు ధరలకు అమ్ముడు. మిగిలిన చెట్ల కాయ ఎప్పటివలెనే మండీకి పోనిండు. మండీని ఒక్కసారిగా విడువవద్దు. పది టన్నుల కాయ నాలుగు దినములలో కోతకు వచ్చినప్పుడు దానిని లైవులో అమ్ముట సాధ్యము కాదు.

ఏ పండు, ఎంత దూరము?

దూరప్రయాణమునకు బంగినపల్లి తగినది. రసములు మగ్గిన పిదప ఎక్కువ దినములు నిలువవు, ఒత్తిడికి తట్టుకొనవు. వానిని విజయవాడ, ఏలూరు, హైదరాబాదు వంటి రాత్రికి రాత్రి చేరు ఊళ్లకే ఒప్పుకొనుడు. పెట్టెకు గాలిరంధ్రములుండవలెను. రెండు వరుసలకు మించరాదు. పెట్టెమీద కోసిన తేది వ్రాయుడు.

ఎన్ని పెట్టెలు కోయగలరో ప్రసారము మొదట్లోనే చెప్పుడు. అవి అయిపోయినచో అయిపోయినవని చెప్పుడు. ఆశపడి రెట్టింపు ఒప్పుకొని, లేత కాయతో పెట్టె నింపినచో ఆ పెట్టె తెరచినవారు మరల మన పేజీ తెరవరు. పైగా వారి మాట ప్రసారము క్రిందనే అందరు చదువునట్లు నిలిచియుండును. చెడినదని ఫోటో పంపినవారితో వాదింపక మరల పంపుడు, లేదా సొమ్ము తిరిగి ఇండు. పది శాతము నష్టము ముందే లెక్కలో వేసికొన్నాము గదా!

సొమ్ము విషయము

యూపీఐలో సొమ్ము తీసికొనుటకు పిన్ను కొట్టవలసిన పని లేదు. "మీకు డబ్బు పంపుచున్నాము, పిన్ను కొట్టండి" అన్నవారు మోసగాండ్రు. కొందరు చెల్లించినట్లు బొమ్మ పంపుదురు. దానిని నమ్మక, మీ బ్యాంకు ఖాతాలో జమ పడినదో లేదో చూచిన పిదపనే పెట్టె కట్టుడు. అమ్మకమునకు వేరే ఫోను నంబరు, వీలైనచో వేరే ఖాతా ఉంచుకొనుడు.

ఒంటరిగా చేయలేనివారు పది ఇళ్లవారు కలసి ఒక పేజీ నడుపవచ్చును. అప్పుడు తూకము, ఏరుట అందరిదియు ఒక్క తీరుగా ఉండవలెను. ఒకరి పెట్టెలోని తప్పు పదిమంది మీదను పడును. కోత, మగ్గబెట్టుట విషయములలో సందేహములున్నచో నూజివీడులోని మామిడి పరిశోధన స్థానము శాస్త్రజ్ఞులను అడుగుడు.

ఆ పెద్దమ్మ ప్రశ్నకు ఆనాడు నేను సరియైన జవాబు చెప్పలేకపోయినాను. ఈ వేసవిలో మీలో ఒకరు ఇరవై పెట్టెలు మాత్రము, చూపిన చెట్టు కాయనే, చెప్పిన బరువుకే పంపి చూడుడు. హైదరాబాదులో ఒక ఇల్లాలు ఆ పెట్టెను గడ్డిలో ఉంచి, అయిదవనాడు తెరచినప్పుడు వాసన తనంత తానే ఇల్లంతయు నిండును. ఆమె మరల ఆర్డరు వ్రాసిననాడు, ఆ పేజీ పట్టుకొనిపోయి పెద్దమ్మకు చూపెదను.