తెరకు ముందు, తెరకు వెనుక

(తెలుగు ఉద్యోగుల సాంస్కృతిక సంఘ వార్షికోత్సవమున చేసిన ప్రసంగపాఠము)



ఉదయము కార్యాలయమున ఫైళ్ళు ముందిడుకొని గంభీరముగ కూర్చున్న గుమాస్తా, గంట క్రితము ఇంట పిల్లవానిని భుజమునెక్కించుకొని ఆడించిన తండ్రియే. పైయధికారి గదిలో తగ్గిన ఆ కంఠమే అర్జీదారుని యెదుట హెచ్చును. సాయంకాలము కూరగాయల బజారులో వచ్చీరాని హిందీతో బేరమాడునదియు అదే కంఠము. మనిషి యొకడు, పాత్రలు పెక్కు.

తెలుగున పాత్ర యను మాటకు రెండర్థములు కలవు. నాటకమున వేషము, వంటింట గిన్నె. నీరు చెంబులో చెంబు రూపును, బిందెలో బిందె రూపును దాల్చును. మనిషియు అట్టివాడేయని ఊరకుండిన తేలికయే. కాని మనిషి నీరు కాడు. చిరకాలమున్న పాత్ర వాసన అతనికి పట్టును. ఇంటికి వచ్చియు భార్యాబిడ్డలకు ఉత్తరువులు జారీచేయు అధికారులు ఇందుకు నిదర్శనము.

'ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత' యను సామెత ఇట్టి రెండు ముఖముల బ్రతుకును ఎగతాళి చేయును. అయినను పాత్రధారణమంతయు మోసమనుట న్యాయము కాదు. స్థానం నరసింహారావుగారు (1902–1971) సత్యభామగా రంగమెక్కినప్పుడు, ఆ భామ పురుషుడని యెరుగని ప్రేక్షకుడు లేడు. మోసపోయితినని యెవడును వాపోలేదు. 1956లో ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చి వారిని గౌరవించినది. గురజాడవారి కన్యాశుల్కములోని గిరీశము నటనము వేరు. వెంకటేశమునకు గురువు, అగ్నిహోత్రావధానులకు కోర్టు వ్యవహారములలో సహాయుడు, బుచ్చమ్మకు సంస్కర్త. ఎదుటివారినిబట్టి వేషము మార్చుట అతని దోషము కాదు. ఆ మార్పువలన లాభము తనకును, నష్టము ఎదుటివారికిని కలుగునట్లు చూచుకొనుట దోషము. తుదకు సౌజన్యారావు పంతులు ముందు ఆ వేషము నిలువలేదు.

నిత్యజీవితమునందలి ఈ పాత్రధారణమును శాస్త్రరీతిని పరిశీలించినవారిలో ఎర్వింగ్ గోఫ్‌మన్ ముఖ్యుడు. ఆయన 1922లో కెనడాలో జన్మించి, అమెరికాలో ఆచార్యుడై, 1982లో మరణించెను. యౌవనమున, 1949 మొదలు 1951 వరకు, స్కాట్లండుకు ఉత్తరముననున్న షెట్లండు దీవులలో ఉండి అచటి చిన్న రైతుల జీవనమును, ఒక హోటలు నడకను గమనించెను. 'ది ప్రెజెంటేషన్ ఆఫ్ సెల్ఫ్ ఇన్ ఎవ్రీడే లైఫ్' అను ఆయన గ్రంథము 1956లో ఎడింబరోలోను, విస్తరింపబడి 1959లో అమెరికాలోను వెలువడెను.

లోకవ్యవహారమునకును రంగస్థలమునకును గల పోలికయే ఆ గ్రంథమునకు పునాది. తెర ముందు ఒక భాగము. దాని వెనుక ఒక నేపథ్యము. ఆ హోటలు భోజనశాలలో అతిథుల యెదుట అంతయు నాజూకు, అంతయు వినయము. వంటగదిలోనో, అతిథులు కొంత వాడి విడిచిన వెన్నముద్దలను మరల చుట్టి క్రొత్తవానివలె పంపుచుండిరి! అయితే అదే వంటగదిలో మరియొక దృశ్యము కలదు. యజమాని ముప్పది దాటినవాడు. గిన్నెలు కడుగు కుర్రవాడు పదునాలుగేండ్లవాడు. అచట వారు ఒకరినొకరు పేరు పెట్టియే పిలుచుకొనుచుండిరి. యజమానులును పనివారును కలిసి భుజించుచుండిరి. తలుపునకు అవతల హోదా, ఇవతల బంధుత్వము. మనిషికి ఊపిరి తిరుగునది ఇవతలనే.

గోఫ్‌మన్ చెప్పిన మరియొక విషయము కార్యాలయములకు చురుకుగ తగులును. కొందరు గదిలో ఉందురు. కాని లేనివారుగనే లెక్కింపబడుదురు. సేవకులను ఆయన ఇందుకు ఉదాహరణముగ చూపెను. అధికారులు రహస్యములు మాటలాడుకొనుచు, టీ తెచ్చినవానికి చెవులున్నవని తలంపరు. ఆరవ వేతన సంఘపు సిఫార్సులు 2008లో అమలైన పిదప 'డి' వర్గము 'సి' వర్గమున కలిసినది. కాగితముపై పేరు మారినది. కాని టీ తెచ్చిన ఆ మనిషికి ఒక పేరున్నదని, మెట్లెక్కి ట్రే మోసిన చేతికి నొప్పి యున్నదని గుర్తింపుమని ఏ వేతన సంఘము సిఫార్సు చేయగలదు?

సభాసదులారా! ఢిల్లీలోనో, నాగపురములోనో, కోల్‌కతాలోనో పనిచేయు తెలుగు ఉద్యోగికి పగలెల్ల పరభాషలో తెర ముందు బ్రతుకే. అతనికి ఆదివారము నాటి తెలుగు సంఘపు హాలే నేపథ్యము. శ్రీకాకుళపు యాస, కడప యాస, కరీంనగరు యాస కలిసి నవ్వగల చోటది. నాటకమున అటెండరు రాజై సింహాసనమెక్కును. డైరెక్టరు భటుడై బల్లెము పట్టును. ప్రేక్షకులు ఇద్దరికిని చప్పట్లు కొట్టుదురు.

అట్టి హాలులోను ముందు వరుస కుర్చీలకు హోదాలనుబట్టి చీటీలంటించినచో, సెక్షను ఆఫీసరుగారి యిల్లాలు ఒక వరుసను, అటెండరు ఇల్లాలు వేరొక వరుసను వెదకికొనవలసివచ్చినచో, ఆ చోటును కార్యాలయమే యగును. చందా కట్టి కొనుక్కొన్న రెండవ ఆఫీసది! పిల్లలు దీనిని చూచుచునే యుందురు. తండ్రి ఎవరిని 'అన్నగారూ' అనుచున్నాడో, ఎవరిని 'ఏమోయ్' అనుచున్నాడో వారు పాఠ్యపుస్తకముకంటె శ్రద్ధగ నేర్చుకొందురు.

కార్యాలయమున హోదా అవసరమే. సంతకము చేయువాడొకడు, బాధ్యత వహించువాడొకడు లేనిదే పని నడువదు. సంఘపు గుమ్మము వద్ద చెప్పులతోపాటు దానిని విడుచుట మాత్రము కష్టమైన పని కాదు. అరువదియవ యేట పదవీ విరమణము నాడు అధికారపు కుర్చీ కార్యాలయముననే మిగిలిపోవును; గది తలుపుమీది పేరు మరునాడే మారును. ఆ పిమ్మట గుమ్మము వద్దకు వచ్చి 'బాబాయిగారూ, ఎట్లున్నారు?' అని పిలుచు గొంతులు, వెనుకటి ఆదివారములలో ప్రక్క కుర్చీ చూపి కూర్చుండబెట్టుకొన్నవారి గొంతులే.