బాలింత ఇంటికి వెళ్లునప్పుడు

బిడ్డ పుట్టిన ఇంటికి ప్రార్థనకు వెళ్లుట మన సంఘములో మంచి వాడుక. అక్కడ ఎవరో ఒకరు "పాలు పడలేదా? డబ్బాపాలు పట్టండి" అనక మానరు. తొలిచూలు తల్లి ఆ మాటకే బెదరిపోవును.

మొదటి 2, 3 దినములు వచ్చు ముర్రుపాలు, మారుకు చెంచాడే యైనను, బిడ్డకు చాలును. వాటిని పిండి పారబోయనీయరాదు. తేనె, పంచదార నీళ్లు వద్దు. బిడ్డ చీకిన కొలది పాలు ఊరును. 6 నెలల వరకు, మన ఎండలలో సైతము, మంచినీళ్లైనను అక్కరలేదు. చనుమొన పగిలినను, బిడ్డ మూత్రము తగ్గినను నర్సమ్మగారికి చూపింతము. నిజముగా పాలు చాలని తల్లిని నిందింపరాదు.

హన్నా, సమూయేలు పాలు విడుచువరకు షిలోహు యాత్రకు పోక ఇంటనే యుండెను. ఎల్కానా అందుకు ఒప్పుకొనెను. ఇది భర్తలకును అత్తగార్లకును చెప్పవలెను. బాలింత పాలిచ్చుచుండగా ఆ ఇంటి గిన్నెలు కడుగుటకు స్త్రీల మైత్రి నుండి ఇద్దరిద్దరము వంతులు వేసికొని వెళ్లుదము.