మంగళవారం దాకా ఆగాల్సిందే

అమెరికాలో కొత్త డీవీడీలు ఏళ్ల తరబడి మంగళవారమే వచ్చేవి. బ్రిటన్‌లో సోమవారం. డిస్కుల పెట్టెలు అంతకు ముందే దుకాణాలకు చేరేవి. కానీ ఆ రోజు దాకా అమ్మకూడదు.

ఎందుకంటే, విడుదల తేదీ పెట్టేది స్టూడియో. ఒక దుకాణం ముందే అమ్మేస్తే పక్క దుకాణం బేరాలు పోతాయి. అందుకే మాట తప్పిన దుకాణానికి తర్వాతి సినిమాల సరుకు ఆలస్యం కావచ్చు. పుస్తకాలకూ ఇదే పట్టింపు. 2005లో కెనడాలో ఒక దుకాణం హ్యారీ పోటర్ ఆరో పుస్తకాన్ని పొరపాటున ముందే అమ్మింది. కొన్నవాళ్లు విడుదల దాకా అందులోని కథ బయటపెట్టకూడదని ఏకంగా కోర్టే ఆదేశించింది!

మరి ముందే ఆర్డరు పెట్టి, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్న అభిమాని సంగతేమిటి?

విడుదల రోజంటే అమ్మకం మొదలయ్యే రోజు. డిస్కు ఇంటికి చేరే రోజు కాదు. అవును, చేరే రోజు కాదు! కొందరు అమ్మకందారులు ముందురోజే పార్సిల్ పంపి, విడుదల రోజుకే అందిస్తారు. కొందరు ఆ రోజునే పంపుతారు. అప్పుడు ఎదురుచూపు ఇంకొన్ని రోజులు సాగుతుంది. అభిమానికి అది నిజంగా బాధే. కనుక ఆర్డరు పెట్టేముందే అడగాలి: ఆ రోజు పంపుతారా, ఆ రోజుకి అందిస్తారా? డబ్బు ఎప్పుడు తీసుకుంటారో కూడా అడగాలి. అమెజాన్ అయితే సాధారణంగా పార్సిల్ బయల్దేరే వేళకే కార్డు నుంచి తీసుకుంటుంది.